బడిలో బలాన్ని కొలవడానికి ఏ సాధనం కొనాలి? తిరుపతి, చిత్తూరు జిల్లాల సైన్సు ఉపాధ్యాయుల కోసం ఒక పోలిక

ఎనిమిదో తరగతిలో ఘర్షణ, తొమ్మిదో తరగతిలో గమన నియమాలూ ఉత్ప్లవనమూ, ఇంటర్మీడియట్‌లో బలాల సమాంతర చతుర్భుజ నియమం ఇలా బలాన్ని కొలవవలసిన పాఠాలు ఏటా వస్తూనే ఉంటాయి. ల్యాబ్‌కు సామాను కొనే వేళ మాత్రం చాలా బడులు జాబితాలో ‘స్ప్రింగ్ త్రాసు - 2’ అని ఒక్క పంక్తి రాసి ఊరుకుంటాయి. అది ఎంత పరిధిది కావాలి, దాని మీద ఎంత సన్నని గీతలు ఉండాలి, ఏ ప్రయోగం కోసం కావాలి అన్న వివరం అందులో ఉండదు. తీరా వచ్చిన త్రాసు 50 న్యూటన్లది అయితే, చెక్క దిమ్మెను బల్ల మీద లాగినప్పుడు ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. అప్పుడు పిల్లలు తాము చూడని విలువను రికార్డులో రాసుకుంటారు. సైన్సు పాఠంలో ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి లేదని నేను నమ్ముతాను కాబట్టే, కొనుగోలు అనే చిన్న విషయం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ ఆరు మార్గాలను పోలుస్తున్నాను. అవి న్యూటన్ గుర్తులున్న స్ప్రింగ్ త్రాసు, చేత్తో తయారుచేసుకునే త్రాసు, ప్రయాణపు సంచులు తూచే ఎలక్ట్రానిక్ వేలాడే త్రాసు, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు, కంప్యూటర్‌కు కలిపే బల సెన్సార్, లోడ్ సెల్‌తో (బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగంతో) పిల్లలే అమర్చుకునే పరికరం. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. కొలవబోయే బలం ఎంత, అది నిలకడగా ఉంటుందా, మారుతూ ఉంటుందా అన్నది తేల్చుకున్న తరువాతే సాధనం పేరు రాయాలి.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

బలం పరిమాణం. ప్రయోగాల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్క దానిలో వచ్చే బలాన్ని కాగితం మీద లెక్క వేయండి. 200 గ్రాముల చెక్క దిమ్మె బరువు దాదాపు 1.96 న్యూటన్లు, నున్నని బల్ల మీద దాన్ని లాగడానికి అర న్యూటన్‌కు కాస్త అటూ ఇటూ చాలు. 270 గ్రాముల గ్రానైట్ ముక్క బరువు 2.64 న్యూటన్లు. నాలుగు కిలోల పుస్తకాల సంచీ బరువు 39 న్యూటన్లు. పది లీటర్ల నీళ్లతో నిండిన బకెట్‌ను కప్పీ మీదుగా తోడితే, ఘర్షణ కూడా కలిసి, తాడులో బలం 100 న్యూటన్లను దాటుతుంది. అర న్యూటన్‌నూ నూరు న్యూటన్లనూ ఒకే త్రాసుతో నమ్మకంగా కొలవడం సాధ్యం కాదు. కొలవబోయే బలం త్రాసు పరిధిలో మూడో వంతుకు పైన పడేలా ఎంచుకోవడం మంచి పద్ధతి.

కనీసపు కొలత, అంటే త్రాసు మీద ఒక్కో గీత చూపే విలువ. ఒక గీతలో సగం వరకు కంటితో అంచనా వేయగలమనుకుందాం. ఒక్కో గీత 1 న్యూటన్ ఉన్న 50 న్యూటన్ల త్రాసు మీద 0.6 న్యూటన్ల ఘర్షణను కొలవాలంటే, అనిశ్చితే దాదాపు ఆ బలమంత ఉంటుంది. గీతకు 0.2 చొప్పున ఉన్న 10 న్యూటన్ల త్రాసు మీద అది ఆరో వంతుకు తగ్గుతుంది. గీతకు 0.05 ఉన్న 2.5 న్యూటన్ల త్రాసు మీద నాలుగు శాతం, గీతకు 0.02 ఉన్న 1 న్యూటన్ త్రాసు మీద రెండు శాతం లోపే. తరగతిలో ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఒకే దిమ్మెను లాగించి చూపగలిగితే, కనీసపు కొలత గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఇక్కడే ఒక భ్రమను తొలగించుకోవాలి. ఎలక్ట్రానిక్ తెర మీద దశాంశ బిందువు తరువాత రెండంకెలు కనిపించినంత మాత్రాన ఆ రెండంకెలూ నిజమని కాదు. తెర మీది చివరి అంకె ఆ పరికరం ఎంత చిన్న తేడాను చూపగలదో చెబుతుందే గాని, చూపిన విలువ అసలు విలువకు ఎంత దగ్గరగా ఉందో చెప్పదు. ఆ రెండో సంగతి తెలిసిన బరువులతో సరిచూస్తేనే బయటపడుతుంది.

సున్నా, సాధనాన్ని పట్టుకునే తీరు. స్ప్రింగ్ త్రాసుకు నిలువుగా వేలాడదీసినప్పుడు సున్నా సరిచేసి ఉంటుంది; అంటే కొక్కెం, కడ్డీల బరువును అది ముందే లెక్కలోకి తీసుకుంది. దాన్ని బల్ల మీద అడ్డంగా పెడితే ఆ బరువు స్ప్రింగును లాగదు కాబట్టి ముల్లు సున్నాకు వెనక్కి పోతుంది. కొక్కెం, కడ్డీ కలిపి పది గ్రాములున్నా 0.1 న్యూటన్ తక్కువగా చూపుతుంది. ఘర్షణ ప్రయోగంలో అది చిన్న దోషం కాదు. అందువల్ల సున్నా సరిచేసే మర ఉన్న త్రాసునే కొనాలి, ఏ దిశలో వాడబోతున్నామో ఆ దిశలో పెట్టి సున్నా సరిచేయాలి. మర లేని త్రాసు ఇప్పటికే ఉంటే, ఆ శూన్యాంశ దోషాన్ని కొలిచి, ప్రతి రీడింగుకూ దాన్ని సవరించి రాయించాలి.

మారే బలం. నిలకడగా వేలాడే రాయి బరువు ఒక రకం. దిమ్మె కదలబోయే క్షణంలో స్థితిక ఘర్షణ గరిష్ఠ స్థాయికి చేరి, కదలిక మొదలవగానే తగ్గడం మరొక రకం. బంతి గోడను తాకే వేళ సెకనులో వందో వంతు కాలంలో పుట్టి పోయే బలం మూడో రకం. మొదటి దానికి ఏ త్రాసైనా సరిపోతుంది. రెండో దాన్ని స్ప్రింగ్ త్రాసు మీద కన్ను అందుకోవడం కష్టం. మూడో దానికి వేగంగా రీడింగులు తీసుకునే సెన్సార్ తప్ప దారి లేదు.

పిల్లల కంటికి కనిపించేది. పారదర్శకమైన గొట్టంలో స్ప్రింగు సాగడం, సమాన బలానికి సమాన దూరం సాగడం పిల్లలు చూడగలిగితే కొలత వెనుక ఉన్న సూత్రం వారికి అందుతుంది. రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన నియమం ఆ గొట్టంలోనే కళ్లెదుట ఉంటుంది. మూసి ఉన్న డబ్బా అంకెను ఇస్తుంది గాని ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పదు. కచ్చితత్వం ఎక్కువున్నంత మాత్రాన ఎనిమిదో తరగతికి డబ్బాయే మేలని నేను అనను.

ధర, మన్నిక, మరమ్మతు సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి ఆయా సాధనాల దగ్గరే చెబుతాను.

## సాధనం కన్నా ముందు: తెలిసిన బరువులు, ఇక్కడి గురుత్వ త్వరణం

మీ బడ్జెట్ ఎంత తక్కువైనా మొదటి రూపాయి సరిచూసిన బరువుల మీద పెట్టండి. 10, 20, 50, 100 గ్రాముల చీలిక బరువుల సెట్టు ఒకటి, దాన్ని వేలాడదీసే హ్యాంగరు ఒకటి ఉంటే మిగిలిన ప్రతి సాధనాన్నీ మీరే పరీక్షించుకోవచ్చు. ఆ సెట్టు మీది అంకెలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. దగ్గరలోని నగల దుకాణంలో అడిగి వాటిని ఒకసారి తూయించుకోండి. అక్కడి త్రాసు గ్రాములో వందో వంతు వరకు చూపుతుంది, వ్యాపారంలో వాడేది కాబట్టి తూనికలు, కొలతల శాఖ దాన్ని సరిచూసి ముద్ర వేస్తుంది. ఒక్కో బరువుకు వచ్చిన అసలు విలువను చిన్న చీటీ మీద రాసి పెట్టెలో అంటిస్తే ఆ పని ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

బరువుల సెట్టుకు కూడా డబ్బు లేకపోతే నీళ్లున్నాయి. మన వేసవి గది ఉష్ణోగ్రతలో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక మిల్లీలీటరు నీటి ద్రవ్యరాశి 0.996 గ్రాములు. మందుల దుకాణంలో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజితో పలుచని ప్లాస్టిక్ కప్పులోకి నీళ్లు కొలిచి పోస్తే, ఒక్కో సిరంజికి దాదాపు 0.097 న్యూటన్ చొప్పున బలం పెరుగుతుంది. నాణేలను మాత్రం తూనిక రాళ్లుగా వాడవద్దు. ఒకే విలువ గల నాణెం 2011 శ్రేణిలో ఒక బరువు, 2019 శ్రేణిలో మరొక బరువు. పిల్లలు రెండింటినీ కలిపేస్తారు.

గ్రాములను న్యూటన్లలోకి మార్చేటప్పుడు ఏ విలువ వాడాలన్నది తరువాతి ప్రశ్న. 1901లో అంతర్జాతీయంగా నిర్ణయించిన ప్రామాణిక విలువ సెకను వర్గానికి 9.80665 మీటర్లు. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, భూమధ్యరేఖకు చేరువగా ఉండడం వల్ల ఇక్కడ అది 9.78 దగ్గర ఉంటుంది. అంటే ఇక్కడ 100 గ్రాముల బరువు 0.978 న్యూటన్లు. పుస్తకంలోని 9.8 వాడితే వచ్చే తేడా వెయ్యిలో రెండు పాళ్లే కాబట్టి స్ప్రింగ్ త్రాసుతో అది కనిపించదు. లెక్క సులువు కోసం 10 వాడితే మాత్రం రెండు శాతానికి మించిన దోషాన్ని మనమే చేతులారా తెచ్చుకున్నట్టు. మంచి సాధనం కొని కూడా దాని కచ్చితత్వాన్ని పారవేసుకున్నట్టు అవుతుంది. గ్రాములూ న్యూటన్లూ రెండూ ఉన్న త్రాసుల మీద 100 గ్రాముల గీత, 1 న్యూటన్ గీత ఒకే చోట ఉన్నాయేమో కొనే ముందే చూడండి. అలా ఉంటే ఆ రెండు కొలమానాల్లో ఒకటి రెండు శాతం తప్పని అర్థం. ఏది తప్పో మీ బరువులే చెబుతాయి.

పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇక్కడికే చెందుతుంది. కొండ మీద బరువు తగ్గుతుందా? తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కితే గురుత్వ త్వరణం తగ్గే మాట నిజమే గాని, ఆ తగ్గుదల మూడు వేలల్లో ఒక వంతు కూడా ఉండదు. బడిలోని ఏ స్ప్రింగ్ త్రాసూ దాన్ని పట్టలేదు. తులాభారం తూచే రెండు పళ్లాల త్రాసయితే సూత్రరీత్యానే ఆ తేడాను చూపదు, ఎందుకంటే రెండు పళ్లాల మీదా గురుత్వం ఒకే పాళ్లలో తగ్గుతుంది. బరువుకూ ద్రవ్యరాశికీ తేడా చెప్పడానికి మన ఊరి పిల్లలకు ఇంతకన్నా చేరువైన ఉదాహరణ దొరకదు.

## ఒక్క చూపులో

| సాధనం | అనువైన బలాలు | చూపే కనీస తేడా | మారే బలం | సూత్రం కనిపించడం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| స్ప్రింగ్ త్రాసు | 0.1 నుంచి 50 న్యూటన్లు, పరిధిని బట్టి | పరిధిలో యాభయ్యో వంతు | కష్టం | చాలా బాగా | తక్కువ |
| చేత్తో చేసిన త్రాసు | 0.1 నుంచి 2 న్యూటన్లు | మీరు గీసిన గీతను బట్టి | కష్టం | అన్నిటికన్నా బాగా | నామమాత్రం |
| వేలాడే ఎలక్ట్రానిక్ త్రాసు | 10 నుంచి 400 న్యూటన్లు | సాధారణంగా 0.1 న్యూటన్ | వీలు కాదు | లేదు | తక్కువ |
| వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు | 0.1 నుంచి 50 న్యూటన్లు, కిందికి నెట్టే బలం | 0.01 న్యూటన్ | నెమ్మదిగా మారేవి | లేదు | తక్కువ |
| బల సెన్సార్ | 0.1 నుంచి 50 న్యూటన్లు, లాగినా నెట్టినా | 0.01 న్యూటన్ దరిదాపు | చాలా బాగా | గ్రాఫు రూపంలో | ఎక్కువ |
| లోడ్ సెల్ అమరిక | సెల్‌ను బట్టి 10 నుంచి 200 న్యూటన్ల గరిష్ఠం | సరిచేసిన తీరును బట్టి | ఓ మోస్తరు | తయారుచేస్తే బాగా | మధ్యస్థం |

## స్ప్రింగ్ త్రాసు

ఒక్క సాధనమే కొనగలిగితే ఇదే కొనండి. కాని ఒక్క త్రాసు కాదు, ఒకే డబ్బుతో వేర్వేరు పరిధులవి కొనండి. హైస్కూలు పాఠాలకు 2.5 న్యూటన్లవి నాలుగు, 10 న్యూటన్లవి నాలుగు ఉంటే చాలా వరకు గడిచిపోతుంది. 50 న్యూటన్లది ఒక్కటి చాలు. ఇనుప పలక మీద అంకెలు చెక్కిన పాత రకం గట్టిదే గాని, ముల్లు పలకకు రాసుకుంటూ కదలడం వల్ల చిన్న బలాల దగ్గర నమ్మలేము. పారదర్శకమైన గొట్టం రకంలో ఆ రాపిడి తక్కువ. అయినా రీడింగు తీసే ముందు గొట్టాన్ని వేలితో రెండు సార్లు మెల్లగా తట్టడం అలవాటు చేయాలి.

సరిచూసే పద్ధతి ఇది. బరువులను ఒక్కొక్కటిగా పెంచుతూ రీడింగులు రాయండి, తరువాత ఒక్కొక్కటిగా తీస్తూ మళ్లీ రాయండి. రెండు వరుసలూ ఒక గీత లోపు కలిస్తే త్రాసు మంచిది. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వస్తుంటే లోపల రాపిడి ఉందన్నమాట. బరువంతా తీశాక ముల్లు సున్నాకు రాకపోతే స్ప్రింగు స్థితిస్థాపక అవధిని (సాగినా మళ్లీ మొదటి పొడవుకు రాగల హద్దును) ఒకసారి దాటిందని అర్థం. దాన్ని పక్కన పెట్టి, అవధి గురించి చెప్పే పాఠంలో చూపడానికి ఉంచుకోండి. బీరువాలో త్రాసులకు బరువులు తగిలించి వదిలేయడం ఈ చేటుకు ముఖ్య కారణం. ఎండాకాలపు వేడి గురించి బెంగ అక్కరలేదు. ఉక్కు స్ప్రింగు మీద పదిహేను డిగ్రీల తేడా చూపే ప్రభావం అర శాతం లోపే.

ఘర్షణను కొలిచే తీరులో ఒక మార్పు చేసుకుంటే ఇదే త్రాసు రెట్టింపు మేలు చేస్తుంది. దిమ్మెను త్రాసుతో లాగుతూ, కదులుతున్న ముల్లును చదవమని పిల్లలకు చెబుతాము. చెయ్యి ఒకే వేగంతో కదలదు, ముల్లు నిలవదు, ఒక్కొక్కరికి ఒక్కొక్క విలువ వస్తుంది. దానికి బదులు త్రాసును బల్ల అంచున ఒక మేకుకు కట్టి, దిమ్మెను ఒక పలక మీద పెట్టి, దిమ్మె కొక్కేన్ని త్రాసుకు తగిలించి, కింది పలకను లాగండి. దిమ్మె నిలిచే ఉంటుంది, త్రాసు కదలదు, పలక ఏ వేగంతో జారినా ముల్లు దాదాపు ఒకే చోట నిలుస్తుంది. పలక స్థానంలో కడప బండ ముక్క, గరుకు కాగితం, నున్నని లామినేట్ పలక మార్చి చూపవచ్చు. ఈ ఒక్క మార్పు సెన్సార్ కొనవలసిన అవసరాన్ని సగం తగ్గిస్తుందని నా అభిప్రాయం.

## చేత్తో చేసుకునే త్రాసు

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మెత్తని ఉక్కు స్ప్రింగు, ఒక అట్ట, ఒక పేపర్ క్లిప్, సిరంజితో కొలిచిన నీళ్లు చాలు. దీన్ని కచ్చితత్వం కోసం ఎంచుకోకూడదు, గీతలు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లలకు తెలియడం కోసం ఎంచుకోవాలి. తాము గీసుకున్న కొలమానంతో ఒక తెలియని రాయిని తూచి, తరువాత కొన్న త్రాసుతో పోల్చుకున్న పిల్లవాడికి క్రమాంకనం (తెలిసిన బరువులతో కొలమానాన్ని సరిచేయడం) అనే మాట ఎప్పటికీ గుర్తుంటుంది.

రబ్బరు బ్యాండుతో చేసేవి చూడడానికి సులువుగా ఉన్నా, సమాన బలానికి సమానంగా సాగవు. ఎక్కేటప్పటి రీడింగూ దిగేటప్పటి రీడింగూ వేరు. మన ఎండలకు కొన్ని వారాల్లోనే పెళుసెక్కుతాయి. స్ప్రింగుకూ రబ్బరుకూ గ్రాఫులు గీసి పోల్చడానికి మాత్రం అవి బాగా పనికి వస్తాయి.

## వేలాడే ఎలక్ట్రానిక్ త్రాసు

ప్రయాణపు సంచులు తూచే ఈ త్రాసులు సాధారణంగా 50 కిలోల వరకు, పది గ్రాముల తేడాతో చూపుతాయి. పుస్తకాల సంచీ, నీళ్ల బకెట్, కప్పీల అమరికలో తాడు లాగే బలం వంటి పెద్ద బలాలకు ఇవి స్ప్రింగ్ త్రాసు కన్నా మేలు. ఒకే కప్పీ ఉన్నప్పుడు, రెండు కప్పీలు ఉన్నప్పుడు లాగవలసిన బలం ఎలా తగ్గుతుందో అసలైన బకెట్‌తో చూపగలగడం వీటి వల్లే వీలవుతుంది.

వీటికి మూడు పరిమితులున్నాయి. అంకె కిలోలలో వస్తుంది, దాన్ని 9.78తో గుణించి న్యూటన్లలోకి మార్చడం పిల్లల చేత చేయించాలి. చిన్న బలాలను ఇవి సున్నాగా చూపుతాయి. అంకె స్థిరపడగానే చాలా వాటిలో తెర గడ్డకట్టినట్టు ఆగిపోతుంది, ఆ తరువాత బలం మారినా అంకె మారదు. అందువల్ల వీటిని ఘర్షణ ప్రయోగానికి వాడవద్దని గట్టిగా చెబుతాను.

## వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు

ఈ జాబితాలో ఉపాధ్యాయులు అన్నిటికన్నా తక్కువగా గుర్తించినది ఇదేనని నా నమ్మకం. ఐదు కిలోల వరకు ఒక్కో గ్రాము తేడాతో చూపే త్రాసు అంటే, 49 న్యూటన్ల వరకు 0.01 న్యూటన్ తేడాతో చూపే బల మాపకమే. అదే ధరకు స్ప్రింగ్ త్రాసు ఇంత సన్నని కొలతను ఇవ్వలేదు. ఇది కిందికి నెట్టే బలాన్ని మాత్రమే కొలుస్తుందన్నది నిజమే గాని, ఆ పరిమితిలోనే గొప్ప ప్రయోగాలున్నాయి.

ఉత్ప్లవన బలాన్ని తీసుకోండి. మన జిల్లాల్లో సులువుగా దొరికే 270 గ్రాముల గ్రానైట్ ముక్కను దారంతో 10 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసుకు కట్టండి. ఆ రాయి ఘనపరిమాణం దాదాపు 100 ఘన సెంటీమీటర్లు. కింద వంటింటి త్రాసు మీద సగం నీళ్లున్న బీకరు పెట్టి, తెరను సున్నా చేయండి. రాయిని అడుగు తాకకుండా పూర్తిగా ముంచండి. పై త్రాసు 2.64 నుంచి 1.66 దరిదాపుకు దిగుతుంది. కింది తెర మీద 100 గ్రాముల దరిదాపు అంకె కనిపిస్తుంది, అంటే 0.98 న్యూటన్. నీరు రాయిని ఎంత బలంతో పైకి నెట్టిందో, రాయి నీటిని అంతే బలంతో కిందికి నెట్టింది. ఆర్కిమెడిస్ సూత్రమూ న్యూటన్ మూడో నియమమూ ఒకే బల్ల మీద, రెండు వేర్వేరు సాధనాల సాక్ష్యంతో తేలుతాయి. ఇందులో పై త్రాసు చెప్పే తేడాలో అనిశ్చితి పది శాతానికి పైగానే ఉంటుంది, కింది త్రాసు చెప్పేదానిలో ఒకటి రెండు శాతమే. పిల్లల చేత ఆ రెంటినీ పక్కపక్కన రాయిస్తే అనిశ్చితి అనే పాఠం కూడా అందులోనే పూర్తవుతుంది.

అయస్కాంతాల వికర్షణకు కూడా ఇదే మార్గం. ఒక అయస్కాంతాన్ని త్రాసు మీద చెక్కముక్కపై అంటించి, రెండో దాన్ని పై నుంచి సెంటీమీటరు చొప్పున దించుతూ రీడింగులు రాయవచ్చు. అయస్కాంతం త్రాసు లోపలి ఇనుప భాగాలను లాగకుండా ఆ చెక్కముక్క ఐదారు సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.

జాగ్రత్తలు రెండు మూడున్నాయి. చాలా చౌక త్రాసులు సున్నా దగ్గర చిన్న మార్పులను తమంతట తామే మింగేస్తాయి. చుక్క చుక్కగా నీళ్లు పోస్తే తెర సున్నా నుంచి కదలదు. దానికి విరుగుడుగా ముందే వంద గ్రాముల బరువు పెట్టి, సున్నా చేయకుండా, ఆ పైన కొలవాలి. బరువు పళ్లెం మధ్యలోనే ఉండాలి. గ్రాములో పదో వంతు చూపే రకం అయితే తలపైన ఫ్యాను ఆపితేనే అంకె నిలుస్తుంది.

## బల సెన్సార్

వికృతి మాపకం (స్ట్రెయిన్ గేజ్, సాగినప్పుడు విద్యుత్ నిరోధం మారే పట్టీ) ఆధారంగా పనిచేసే ఈ సెన్సార్ రీడింగులను కంప్యూటర్‌కు పంపి, బలం కాలంతో ఎలా మారిందో గ్రాఫు గీస్తుంది. దిమ్మెను మెల్లగా లాగుతుంటే గ్రాఫు పైకి పాకి, కదిలిన క్షణంలో జారి, తరువాత అడ్డంగా సాగుతుంది. స్థితిక ఘర్షణకూ జారుడు ఘర్షణకూ ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపేది మరొకటి లేదు. బండ్లు ఢీకొన్నప్పుడు బలం గ్రాఫు కింది వైశాల్యం ద్రవ్యవేగంలోని మార్పుకు సమానమని చూపడం కూడా దీనితోనే సాధ్యం; అందుకు సెకనుకు వెయ్యి దాకా రీడింగులు తీసుకునే సామర్థ్యం ఉండాలి.

కష్టం ఖర్చులోనే లేదు. సెన్సార్, దాన్ని కలిపే పరికరం, పనిచేసే కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగిలినవన్నీ బీరువాకే పరిమితం. ఒకే సెన్సార్ ఉన్న తరగతిలో యాభై మంది పిల్లలు చూసేవారే అవుతారు, చేసేవారు కారు. ఇంటర్మీడియట్ స్థాయికి ఇది పెట్టుబడికి తగిన ఫలితం ఇస్తుంది. ఎనిమిదో తరగతి కోసమే అయితే ఆ డబ్బుతో ప్రతి గుంపుకూ రెండు మంచి స్ప్రింగ్ త్రాసులు కొనడం న్యాయం.

## లోడ్ సెల్ అమరిక

2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసేందుకు ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబ్ మీ బడిలో ఉంటే ఈ దారి తెరిచే ఉంది. అల్యూమినియం కడ్డీ రూపంలో ఉండే లోడ్ సెల్, దాని సన్నని సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 అనే చిన్న బోర్డు, ప్రోగ్రాము నడిపే ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కలిపితే వంటింటి త్రాసు లోపల ఉన్నదే మీ బల్ల మీద విప్పి పెట్టినట్టు ఉంటుంది. నాలుగు వికృతి మాపకాలు వీట్‌స్టన్ వంతెనగా (నాలుగు నిరోధాల వలయంగా) అమరి ఉండడం పన్నెండో తరగతి పిల్లలకు పాఠానికి ప్రాణం పోస్తుంది.

ఇది దుకాణం నుంచి వచ్చిన రోజున దేన్నీ కొలవదు. తెలిసిన బరువులతో సరళరేఖ గీసి, దాని వాలును ప్రోగ్రాములో పెట్టేదాకా అది ఇచ్చేవి అర్థం లేని పెద్ద అంకెలు. కడ్డీకి ఒక చివరను మాత్రమే బిగించాలి, రెండో చివర గాలిలో ఉండాలి. రెండు వైపులా బిగించేస్తే రీడింగు రాదు. బోర్డు మామూలుగా సెకనుకు పది రీడింగులే ఇస్తుంది, ఒక పిన్ను కలపడం మారిస్తే ఎనభై ఇస్తుంది. ఘర్షణకు అది చాలు, ఢీకొనడాలకు చాలదు.

## ఎవరికి ఏది

ఒక్కో సెక్షనులో నలభై, యాభై మంది ఉన్న జడ్పీ హైస్కూలు ఉపాధ్యాయులకు నా సలహా: సరిచూసిన బరువుల సెట్టు ఒకటి, 2.5 న్యూటన్ల త్రాసులు ఎన్ని వీలైతే అన్ని, 10 న్యూటన్లవి కొన్ని, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి. జాబితాలో పరిధి, కనీసపు కొలత, ‘సున్నా సరిచేసే మరతో’ అన్న మూడు మాటలూ తప్పక రాయండి. ఆ మూడూ రాయని జాబితాకు, తక్కువ ధరకు దొరికేదే వస్తుంది.

కుప్పం, పలమనేరు వైపు చిన్న ప్రాథమికోన్నత పాఠశాలల్లో ల్యాబ్ గదే లేని చోట, చేత్తో చేసే త్రాసులూ సిరంజీ నీళ్లూ, వాటిని పోల్చడానికి కొన్న త్రాసు ఒక్కటీ సరిపోతాయి. అక్కడ ప్రతి పిల్లవాడి చేతిలో సాధనం ఉండడమే ముఖ్యం.

గురుకులాల్లో, సాయంత్రం కూడా ల్యాబ్ తెరిచి ఉండే వసతి బడుల్లో లోడ్ సెల్ అమరిక బాగా నడుస్తుంది, ఎందుకంటే దానికి కావలసింది డబ్బు కన్నా తీరిక. జూనియర్ కాలేజీ అధ్యాపకులకు, సమాంతర చతుర్భుజ నియమం వరకు బరువులూ కప్పీలే స్ప్రింగ్ త్రాసుల కన్నా నమ్మకమైనవి. కప్పీలకు నూనె వేసి, రాపిడి ఎంతో ముందే చూసుకుంటే చాలు. ఆ తరువాత మిగిలిన డబ్బు ఒక మంచి బల సెన్సార్ మీద పెట్టవచ్చు.

సైన్సు ప్రదర్శన కోసం ఇంట్లో పిల్లలకు సాయం చేసే తల్లిదండ్రులు కొత్తగా ఏదీ కొననక్కరలేదు. వంటింట్లో ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే అది చాలు. గ్రానైట్ ముక్క, ఇత్తడి గంటె, మామిడి టెంక అంటూ వేర్వేరు వస్తువులను దారంతో కట్టి, త్రాసు మీద పెట్టిన నీళ్ల గిన్నెలో ముంచి, ప్రతి దానికీ మూడు సార్లు రీడింగు తీయించండి. మూడింటి సగటుతో పాటు, మూడింటి మధ్య వచ్చిన తేడాను కూడా చార్టు మీద రాయించండి. టెంక తేలిపోతే దాన్ని సన్నని పుల్లతో నీటి మట్టం కిందికి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు త్రాసు చూపేది టెంక బరువు కాదు, టెంక మీద పనిచేసే ఉత్ప్లవన బలం. పుల్ల కూడా నీటిలో మునిగితే ఆ మేరకు అంకె పెరుగుతుంది కాబట్టి, పుల్ల కొన మాత్రమే నీటిని తాకేలా చూసుకోవాలి.